ఆటలోనూ తాత రిజర్వేషనే!

"ఆటల్లో రిజర్వేషన్ లేదు గదా, అక్కడ దమ్మున్నోడే నిలబడతాడు గదా, మరి చదువుల్లో ఉద్యోగాల్లో మీకెందుకు?" ఈ మాట వినని దళితుడు లేడు. 1990లో మండల్ గొడవప్పుడు విన్నాం. ఇవాళా వింటున్నాం. కాలేజీ హాస్టల్లో, బస్సులో, టీ బంకు దగ్గర, టీవీ చర్చల్లో ఇదే మాట. చెప్పేవాడికి అదొక తిరుగులేని బాణం. బంతికి కులం తెలీదు, గోల్ పోస్టుకి గోత్రం తెలీదు అని అందరూ నమ్ముతారు మరి.

బంతికి తెలీదు, నిజమే. కానీ బంతి దాకా పోవాలంటే ముందు గేటు దాటాలి. గేటు దగ్గర కూచున్నవాడికి అన్నీ తెలుసు.

అందుకే ఈ సంచికలో మేం మన వూరి సంగతి పక్కనబెట్టి దూరదేశం సంగతి రాస్తున్నాం. అమెరికా నుంచి ఇటలీ పోయి ఫుట్‌బాల్ ఆడి నిలదొక్కుకోవాలని చూసిన ఆటగాళ్ల సంగతి. "మనకెందుకయ్యా ఇటలీ గోల" అనకండి. అమెరికా అంటే లోకానికి అగ్రకులం లాంటి దేశం. ఆ దేశపు పౌరుడు కూడా ఒక తలుపు బయట నిలబడి లోపలికి రానిమ్మని అడగాల్సి వస్తే, ఆ తలుపు ఎట్లా పనిచేస్తదో మనకి బాగా కనబడతది. మన వూళ్లో తలుపుని రోజూ చూసి చూసి అది గోడే అనుకుంటున్నాం. దూరం నుంచి చూస్తే అది తలుపనీ, దానికి గొళ్లెం వుందనీ, ఆ గొళ్లెం ఎవడో పెట్టాడనీ తెలుస్తది.

మనం ఫుట్‌బాల్ అనేదాన్ని అమెరికావాళ్లు సాకర్ అంటారు. అక్కడ అది పెద్ద ఆట కాదు. వుండిన ఒక్క పెద్ద లీగు 1984తో మూతబడింది. 1994లో ప్రపంచకప్ తమ దేశంలోనే జరిగేనాటికి కూడా వాళ్లకి పైస్థాయి లీగు లేదు. కొత్త లీగు 1996లో మొదలైంది. ఇటలీ సంగతి వేరు. అక్కడి పై లీగు సెరీ ఆ. ఆ రోజుల్లో ప్రపంచంలోని మేటి ఆటగాళ్లంతా అక్కడికే పోయేవాళ్లు. అట్లాంటి చోటికి 1994లో అలెక్సీ లాలాస్ అనే ఎర్రగడ్డపోడు పోయాడు. పాదొవా అనే చిన్న జట్టులో చేరాడు. ఈ కాలపు సెరీ ఆలో ఆడిన మొదటి అమెరికన్ అతనే.

మొదటోడి బరువు మనకి తెలుసు. మన వాడ నుంచి మొదటిసారి యూనివర్సిటీకి పోయిన పిల్లోడు పరీక్ష తప్పితే తప్పింది వాడొక్కడు కాదు, "వీళ్లంతా ఇంతే" అంటారు. పెద్దింటి పిల్లోడు తప్పితే ఆ ఒక్కడే తప్పినట్టు. లాలాస్ సంగతీ అంతే. అతను బంతి తప్పుగా తంతే అమెరికావాళ్లకి ఆట రాదనేవాళ్లు. అతని గడ్డం గురించీ, అతను వాయించే గిటారు గురించీ రాసినంత అతని ఆట గురించి రాయలేదు. ఆ ఏడాదే పాదొవా 2-0తో మిలాన్‌ని ఓడించింది. అందులో ఒక గోల్ లాలాస్‌దే. 1996లో పాదొవా కింది లీగుకి పడిపోయింది. అతను అమెరికాకి తిరిగొచ్చేశాడు. తలుపు మళ్లీ దగ్గరికి పడింది.

తర్వాత 2009లో ఒగూచి ఒన్యేవు మిలాన్‌లో చేరాడు. అమెరికాలో స్థిరపడ్డ నైజీరియా దంపతుల బిడ్డ. నల్లజాతివాడు. అదే ఏడాది అక్టోబరులో తన దేశం తరఫున కోస్టారికా మీద ఆడుతుంటే మోకాలి నరం తెగింది. మిలాన్ తరఫున సెరీ ఆలో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేకపోయాడు. అప్పుడతను ఏం చేశాడో తెలుసా? ఒప్పందాన్ని ఇంకో ఏడాది పొడిగించుకుని, ఆ ఏడాదికి జీతం వద్దన్నాడు. పత్రికలన్నీ "ఎంత నిజాయితీ!" అని మెచ్చుకున్నాయి. మేం ఆ మెచ్చుకోలు దగ్గర ఆగుతున్నాం. ఎముకలు కీళ్లు అరగదీసుకునే పనిలో, ఆ పనిలోనే దెబ్బ తగిలినవాడు యజమానికి ఎందుకు బాకీపడతాడు? తనది ఆ చోటు కాదేమో అన్న అనుమానం వున్నవాడే అట్లా బాకీ తీర్చుకోవాలనుకుంటాడు. ఆఫీసుల్లో మనవాళ్లు పక్కసీటు పని కూడా నెత్తినేసుకుని సాయంత్రం ఏడింటి దాకా కూచునేది ఇందుకే. ఒన్యేవు మనసులో ఏముందో మాకు తెలుసునని అనడం లేదు. ఆ త్యాగాన్ని మెచ్చుకున్న లోకం, ఆ త్యాగం అవసరం ఎందుకొచ్చిందని అడగలేదని మాత్రం అంటున్నాం.

మైకేల్ బ్రాడ్లీ 2011లో కియేవో అనే జట్టుకి పోయి, భాష నేర్చుకుని, కష్టపడి ఆడి, 2012లో రోమా లాంటి పెద్ద జట్టుకి ఎక్కాడు. 2014 జనవరిలో తిరిగి అమెరికా ఖండానికి వచ్చేశాడు. ఇట్లా ఒక్కొక్కరు పోయారు, కొందరు నిలబడ్డారు, కొందరు వచ్చేశారు. ఇంతవరకూ వింటే "దమ్మున్నోడే నిలబడ్డాడు" అన్న కథే. ఇక గేటు సంగతి చూద్దాం.

ఇటలీ 1926లో విదేశీ ఆటగాళ్లు రాకూడదని నిబంధన పెట్టింది. అప్పుడు దేశాన్నేలుతున్నది ముస్సోలినీ ఫాసిస్టు ప్రభుత్వం. కానీ మంచి ఆటగాళ్లు కావాలి గదా! ఏం చేశారు? దక్షిణ అమెరికాకి వలసపోయిన ఇటలీవాళ్ల పిల్లల్ని, మనవల్ని పిలిపించారు. "వీళ్లు విదేశీయులు కాదు, వీళ్లది మన రక్తం" అన్నారు. వాళ్లకి ఒరియుందీ అని పేరు. 1934లో ఇటలీ ప్రపంచకప్ గెలిచిన జట్టులో అర్జెంటీనాలో పుట్టిన మోంతి, ఓర్సి, గ్వాయితా వున్నారు. ఇదే మోంతి 1930 ప్రపంచకప్ ఫైనల్లో అర్జెంటీనా తరఫున ఆడాడు! న్యూయార్క్ నగరం బ్రూక్లిన్‌లో పుట్టిన అల్ఫోన్సో నెగ్రో అనే అతను 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో ఇటలీకి బంగారు పతకం తెచ్చిన జట్టులో వున్నాడు. అంటే లాలాస్‌కి అరవై ఏళ్ల ముందే అమెరికాలో పుట్టినవాడు ఇటలీలో ఆడాడు. కానీ అమెరికన్‌గా కాదు, రక్తం పేరుతో.

రక్తం పేరుతో పిలిచినవాళ్లు రక్తం అడగకుండా వుంటారా? 1935లో అబిస్సీనియా మీద యుద్ధానికి తననీ సైన్యంలో పట్టుకుపోతారన్న భయంతో గ్వాయితా సరిహద్దు దాటి పారిపోయాడు. ప్రపంచకప్ తెచ్చిపెట్టినవాడికే ఆ గతి పట్టింది.

1966 ప్రపంచకప్‌లో ఇటలీ 1-0తో ఉత్తర కొరియా చేతిలో ఓడింది. ఇంట్లో పెద్దలు తప్పు చేస్తే పాలేరు మీద కోపం చూపినట్టు, ఓడిన కోపం విదేశీ ఆటగాళ్ల మీద చూపారు. కొత్త విదేశీయుడు రావడానికి వీల్లేదన్నారు. 1980 దాకా ఆ తలుపు తీయలేదు. తీసినప్పుడు కూడా జట్టుకి ఒక్కడే అన్నారు. 1995లో యూరప్ కోర్టు బోస్మాన్ కేసులో తీర్పిచ్చాక యూరోపియన్ యూనియన్ దేశాల ఆటగాళ్లకి గేటు పూర్తిగా తెరుచుకుంది. మిగతా లోకానికి మాత్రం లెక్కే. ఒక జట్టు ఏడాదికి బయటి ఖండాల నుంచి కొత్తగా తెచ్చుకోగలిగేది వేళ్ల మీద లెక్కపెట్టేంత మందినే. అమెరికన్ ఈ మిగతా లోకంలో పడతాడు. తాత యూరప్‌వాడైతే మాత్రం పడడు.

ఇప్పుడు ఇద్దరు పిల్లల కథ చెప్తాం.

ఒకతను జుసెప్పె రోస్సి. 1987లో అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలో పుట్టాడు. తల్లిదండ్రులు ఇటలీ నుంచి వలసొచ్చినవాళ్లు. పన్నెండేళ్ల వయసులో ఇటలీలో పార్మా జట్టు బాలల శిక్షణకి పోయాడు. పాస్‌పోర్టుకి అడ్డం లేదు, రక్తం వుంది. ఇంగ్లండ్, స్పెయిన్ తిరిగి పెద్ద ఆటగాడయ్యాడు. ఇటలీ దేశపు చొక్కా తొడుక్కున్నాడు. 2009 కాన్ఫెడరేషన్స్ కప్‌లో తను పుట్టిన అమెరికా మీదే రెండు గోల్స్ కొట్టాడు. ఇటలీ 3-1తో గెలిచింది.

రెండో అతను మారియో బాలొటెల్లి. 1990లో ఇటలీలోనే, పాలెర్మో నగరంలో పుట్టాడు. తల్లిదండ్రులు ఘనా దేశం నుంచి వలసొచ్చినవాళ్లు. ఇటలీ అన్నం తిన్నాడు, ఇటలీ బడిలో చదివాడు, ఇటలీ భాష మాట్లాడాడు. పెంచింది ఇటలీ కుటుంబం. కానీ పద్దెనిమిదేళ్లు నిండేదాకా, అంటే 2008 ఆగస్టు దాకా, అతను ఇటలీ పౌరుడు కాదు! అప్పటిదాకా ఆ దేశపు బాలల జట్టులో ఆడడానికి వీల్లేదు.

సముద్రం అవతల పుట్టినవాడు సొంతోడు. ఇంట్లో పుట్టినవాడు పరాయోడు. ఎందుకని? ఇటలీ పౌరసత్వ చట్టం, 1992 నాటిది, నేలని చూడదు, రక్తాన్ని చూస్తుంది. అక్కడ పుట్టిన విదేశీయుల బిడ్డ పద్దెనిమిదేళ్లు ఎడతెగకుండా అక్కడే వుండి అప్పుడు అడుక్కోవాలి. వలసపోయినవాళ్ల మునిమనవడైతే ఇటలీ ముఖం చూడకపోయినా పౌరసత్వం అడగొచ్చన్నట్టు చాలాకాలం సాగింది. 2025లో దాన్ని తల్లిదండ్రులు, తాతల తరం దాకా కుదించారు. అదే 2025 జూన్‌లో, వలసవాళ్లు పౌరసత్వం అడగడానికి పదేళ్ల నివాసం బదులు ఐదేళ్లు చాలు అనాలా అని జనాన్ని ఓటడిగారు. సగం మందైనా ఓటేస్తేనే లెక్క. సుమారు మూడోవంతు కూడా రాలేదు. ఓటు చెల్లకుండాపోయింది.

ఇంకో ఇద్దరిని చూడండి. ఇద్దరూ అమెరికన్లే, ఇద్దరూ 1998లోనే పుట్టారు, మూడు వారాల తేడా. క్రిస్టియన్ పులిసిక్ తాత క్రొయేషియాలోని ఒక దీవిలో పుట్టాడు. ఆ తాత వల్ల పులిసిక్‌కి క్రొయేషియా పాస్‌పోర్టు దొరికింది. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల్ని ఖండాలు దాటించి జట్లలో చేర్చుకోకూడదని ఫుట్‌బాల్ ప్రపంచ సంస్థ నిబంధన. యూరోపియన్ యూనియన్ లోపలైతే పదహారుకే చేరొచ్చు. అందుకని పులిసిక్ పదహారేళ్లకి, 2015లో, జర్మనీలో డోర్ట్‌మండ్ జట్టుకి చేరిపోయాడు. వెస్టన్ మెకెన్నీకి అట్లాంటి తాత లేడు. టెక్సస్ రాష్ట్రపు నల్ల కుర్రాడు. తండ్రి అమెరికా వైమానిక దళంలో పనిచేస్తూ జర్మనీలో వుంటే ఆ పిల్లోడు అక్కడే ఫుట్‌బాల్ నేర్చుకున్నాడు. అయినా 2016 ఆగస్టులో పద్దెనిమిది నిండాకే జర్మనీలో షాల్కె జట్టుకి చేరగలిగాడు. అప్పటికే పులిసిక్ జర్మనీ పై లీగులో ఆడి గోల్స్ కొడుతున్నాడు.

ఇద్దరూ గట్టి ఆటగాళ్లే. మెకెన్నీ 2020లో యువెంటస్‌కి, పులిసిక్ 2023లో మిలాన్‌కి చేరారు. మిలాన్‌లో మొదటి ఏడాదే పులిసిక్ సెరీ ఆలో 12 గోల్స్ కొట్టాడు. అతని కష్టాన్ని మేం తక్కువ చేయడం లేదు. కష్టపడకుండా ఎవడూ 12 గోల్స్ కొట్టలేడు. మేం చెప్పేది ఒక్కటే. ఆట నేర్చుకునే వయసులో ఒకడికి రెండేళ్లు ముందు దొరికాయి. ఆ రెండేళ్లూ అతని కాళ్లు తెచ్చినవి కాదు, తాత పుట్టిన వూరు తెచ్చింది.

దాన్నేమంటారు? మేం దాన్ని తాత రిజర్వేషన్ అంటాం. దానికి ధర్నా అక్కర్లేదు, కమిషన్ అక్కర్లేదు, క్రీమీలేయర్ లేదు. పదేళ్లకోసారి "ఇంకెన్నాళ్లు?" అని అడిగేవాడూ లేడు. మన దేశంలో ఆ రిజర్వేషన్ రెండు వేల ఏళ్లుగా నడుస్తూనే వుంది. తాత కరణమైతే మనవడికి అక్షరం, తాత భూస్వామైతే మనవడికి ఫీజు, తాత వకీలైతే మనవడికి కక్షిదారులు. వాటన్నిటికీ కలిపి పెట్టిన ముద్దుపేరే ప్రతిభ. అంబేడ్కర్ రాజ్యాంగంలో రాయించింది కొత్త రిజర్వేషన్ కాదు. పాత రిజర్వేషన్‌కి అడ్డుకట్ట.

ఇక డబ్బు సంగతి. అమెరికాలో పిల్లోడు మంచి క్లబ్బులో ఫుట్‌బాల్ నేర్చుకోవాలంటే తల్లిదండ్రులు ఏడాదికి వేల డాలర్లు కట్టాలి. లోకమంతా పేదవాడలు ఆడే ఆట అక్కడ బాగా బతికినోళ్ల ఆట అయింది. అంటే ఇటలీ గేటు కంటే ముందు ఇంటి దగ్గరే ఇంకో గేటు వుంది. నల్లవాడల పిల్లలు, మెక్సికో నుంచి వచ్చిన కూలీల పిల్లలు చాలామంది అక్కడే ఆగిపోతారు.

మరో ముచ్చట. అమెరికా ఆటగాళ్లు ఇటలీకి పోయిన దారినే అమెరికా పెట్టుబడీ పోయింది, కొన్నిచోట్ల ముందే పోయింది. రోమా 2011లో అమెరికావాళ్ల చేతికొచ్చింది, 2012లో బ్రాడ్లీ వచ్చాడు. మిలాన్‌ని 2022లో అమెరికా కంపెనీ కొంది, 2023లో పులిసిక్, మూసా వచ్చారు. వెనెజియా అమెరికా యజమానుల చేతిలో వుండగా 2021లో బూసియో, టెస్‌మన్ అనే కుర్రాళ్లు చేరారు. పులిసిక్ పేరున్న చొక్కాలు అమెరికాలో బాగా అమ్ముడుపోయాయి. అట్లాగని ప్రతివాడూ యజమాని దయతోనే వచ్చాడనలేం. మెకెన్నీ చేరిన యువెంటస్ ఇటలీ కుటుంబానిదే. కానీ లాలాస్ రోజుల్లో అనుమానంగా చూసిన దేశం పేరు, డాలర్లు వచ్చాక మర్యాదగా వినపడడం మొదలైంది. గేటు తెరవడానికి ఇంకో తాళంచెవి కూడా వుందన్నమాట.

రక్తం, డబ్బు అయ్యాయి. మూడోది రంగు. లోపలికి పోయాక కూడా వదలనిది అదే. 2005లో మెస్సీనా జట్టులో ఆడే ఐవరీకోస్ట్ ఆటగాడు మార్క్ జోరోని ఇంటర్ జట్టు అభిమానులు రంగు పేరుతో అవమానించారు. అతను బంతి చేత్తో పట్టుకుని "నేను ఆడను" అన్నాడు. అవతలి జట్టులోని నల్ల ఆటగాళ్లు కూడా ఆడమని బతిమాలారు. ఆడాడు. 2017లో కాల్యరి మైదానంలో ఘనా ఆటగాడు సులీ ముంతారి, నన్ను తిడుతున్నారని రిఫరీకి చెప్పుకున్నాడు. రిఫరీ ముంతారికే పసుపు కార్డు చూపించాడు! అతను ఒక్కడే మైదానం వదిలి పోతే ఇంకో కార్డు చూపించాడు. ఒక మ్యాచ్ నిషేధం వేశారు. లోకమంతా గోల చేశాక తీసేశారు. తిట్టినవాళ్లు పదిమందే గదా అని అవతలి క్లబ్బుకి శిక్ష వేయలేదు. ఇది వింటే మనకి ఏ స్టేషన్ గుర్తొస్తదో వేరే చెప్పక్కర్లేదు. "తిట్టింది నలుగురే గదా, వూరంతటి మీద కేసెందుకు?" అని కాగితం పక్కనపెట్టే మాట ఏ దేశంలోనైనా ఒకటే.

ఇప్పుడు ఇంకో రెండు చూడండి. 2013 జనవరి 3న ఒక స్నేహపూర్వక మ్యాచ్‌లో మిలాన్ ఆటగాడు కెవిన్ ప్రిన్స్ బోటెంగ్‌ని అట్లాగే అవమానించారు. అతను బంతిని గ్యాలరీలోకి తన్ని బయటికి నడిచాడు. వెనకాల జట్టు జట్టంతా నడిచింది. తెల్ల ఆటగాళ్లు కూడా. మ్యాచ్ ఆగిపోయింది. 2024 జనవరిలో ఊదినె మైదానంలో మిలాన్ గోల్‌కీపర్ మైక్ మెన్యాన్‌ని అవమానిస్తే మళ్లీ జట్టంతా బయటికొచ్చింది. కాసేపటికి తిరిగొచ్చి 3-2తో గెలిచింది. ఒక్కడు బయటికొస్తే అది క్రమశిక్షణ కేసు. పదకొండుమంది బయటికొస్తే ఆట ఆగుతది. ఈ లెక్క అర్థమైతే సంఘం ఎందుకో అర్థమైనట్టే.

కొందరు మిత్రులు అడుగుతారు: "కోట్లు సంపాదించే ఆటగాళ్లకీ మన వాడకీ పోలికేంటి?" మేం జీతాలని పోల్చడం లేదు. ఎవరి జేబు ఎంత బరువో మాకు తెలుసు. గేటు తీరుని పోలుస్తున్నాం. కోట్లొచ్చినా రంగు మీది తిట్టు ఆగలేదంటే, "బాగా చదువుకుని డబ్బు సంపాదించుకోండి, కులం దానంతటదే పోతది" అనే సలహా ఎంత బోలుదో తెలుస్తున్నది గదా!

ఇంకో చేదునిజం కూడా చెప్పుకోవాలి. ఇటలీవాళ్లు ఒకప్పుడు ఈ గేటుకి అవతల నిలబడ్డవాళ్లే. పొట్టచేత పట్టుకుని అమెరికా పోయినప్పుడు వాళ్లని హీనంగా చూశారు. 1891లో న్యూఆర్లియన్స్‌లో తెల్లగుంపు జైలు మీద పడి పదకొండుమంది ఇటలీవాళ్లని చంపేసింది. ఇటలీ లోపల కూడా ఉత్తరాదివాళ్లు దక్షిణాదివాళ్లని మట్టిమనుషులన్న అర్థం వచ్చే మాటతో తిడతారు. అంత అవమానం పడ్డ జనం తమ గ్యాలరీల్లో ఆ నోళ్లు మూయించలేదు, బాలొటెల్లిని పద్దెనిమిదేళ్లు గుమ్మంలో నిలబెట్టారు. అవమానం పడ్డంత మాత్రాన ఎవడూ మంచోడైపోడు. ఇది మనమూ గుర్తుపెట్టుకోవాలి. మన వాడల మధ్య కూడా ఒకరి బావి దగ్గర ఇంకొకర్ని ఆపే గొళ్లేలు వున్నాయి. అవి పెట్టినవాడు మనువే కావచ్చు, కానీ ఇవాళ పట్టుకు కూచున్నది మన చేతులే.

మన దేశపు ఆటలో ఈ కథ లేదా? పల్వంకర్ బాలూ అనే చమార్ కులపు క్రికెటరు వుండేవాడు. 1911లో ఇంగ్లండ్ పర్యటనలో వందకి పైగా వికెట్లు తీశాడు. పూనా క్లబ్బులో అతనికి టీ బయట, వేరే పాత్రలో. అతని బంతికి వికెట్లు పడ్డాయి, కెప్టెన్ పదవి మాత్రం పడలేదు. పోరాడి పోరాడి 1923లో అతని తమ్ముడు విఠల్ హిందూ జట్టుకి కెప్టెన్ అయ్యాడు. అన్న వేసిన బంతులన్నీ కలిస్తే తమ్ముడికి ఒక గేటు తెరుచుకుంది. మన రిజర్వేషన్ చరిత్ర కూడా అదే.

కాబట్టి అన్నలారా, అక్కలారా, తమ్ముళ్లారా! "ఆటల్లో రిజర్వేషన్ లేదు గదా" అన్నవాడు ఎదురైతే కోపం తెచ్చుకోకండి. రోస్సి కథ, బాలొటెల్లి కథ చెప్పండి. రక్తం చూసి పాస్‌పోర్టు ఇచ్చే దేశమూ, పుట్టుక చూసి బావి చూపించే వూరూ ఒకే బడిలో చదివాయని చెప్పండి. నీ తాత ఏమిచ్చాడో ముందు లెక్కరాయి, తర్వాత నా సర్టిఫికెట్ గురించి అడుగు అని చెప్పండి.

యువజన సంఘాలకి మా మాట ఇది. సంక్రాంతికి కబడ్డీ, వాలీబాల్ పోటీలు పెడతారు. జట్టు కట్టేరోజే ఒక నిబంధన రాసుకోండి: మనలో ఒక్కడిని కులం పేరుతో తిడితే జట్టంతా బయటికి. కప్పు పోతే పోనీ. ఏ కులం పిల్లోడు జట్టులో వున్నా ఆ కాగితం మీద సంతకం పెట్టాలి. పెట్టనివాడు మన జట్టు కాదు. బయటికొచ్చి వూరుకోవద్దు, నలుగురి ముందు కులం పేరుతో తిట్టడం 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం, అందరూ కలిసి సాక్షులుగా స్టేషన్‌కి పోవాలి. జోరోలాగా ఎవడూ ఒక్కడే బంతి పట్టుకుని నిలబడకూడదు.

బంతి దగ్గర మనం ఎవరికీ తీసిపోం. తేల్చుకోవాల్సింది గేటు దగ్గరే.

జై భీమ్!